రెండు పూర్వ విద్యార్థుల సంఘాలు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో మా లెక్కల సార్ కూర్చున్నారు. యాభై అయిదేళ్లొచ్చినా సార్ ఎదురుగా నిలబడితే హోంవర్కు చేయకుండా వచ్చినట్టే ఉంది.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇరవై ఏడేళ్లుగా అమెరికాలో ఉంటున్నావు కదా, పిల్లలకు స్ఫూర్తి కలిగేటట్టు నాలుగు మాటలు చెప్పు" అన్నారు. నేను నీళ్ల పైపులు వేసే ఇంజినీర్ని. స్ఫూర్తి నా శాఖ కాదు. అందుకని నేను బతుకుతున్న టెక్సస్‌లో బడుల గురించి నాకు తెలిసిన కథ ఒకటి చెబుతాను. అందులో మనలాంటి పూర్వ విద్యార్థుల సంఘాలు రెండు వస్తాయి. చివర మన సంఘానికి ఒక విన్నపం ఉంది. సమయం మించితే సార్ నన్ను కూర్చోబెట్టవచ్చు.

నేను 1998లో శాన్ ఆంటోనియో చేరాను. ఊళ్లో సగానికి పైగా జనం లాటినోలు. అంటే మెక్సికో, పోర్టో రీకో వంటి చోట్ల మూలాలున్నవాళ్లు, ఇంట్లోనో తాతల ఇంట్లోనో స్పానిష్ మాట్లాడేవాళ్లు. వాళ్లంతా నాలాగా వలస వచ్చినవాళ్లేమో అనుకున్నాను మొదట్లో. 1836 దాకా టెక్సస్ మెక్సికోలో భాగమే. చాలా కుటుంబాలు అక్కడే ఉన్నాయి, మీది జెండా మారింది, అంతే.

మొదటి ఏడాది నన్ను ఒక సర్వే జట్టుతో పంపేవారు. జట్టు పెద్ద అప్పటికే యాభై దాటిన లాటినో మనిషి. పైపులకు కాలువ తవ్వే కూలీలతో స్పానిష్‌లో మాట్లాడేవాడు, నాతో ఇంగ్లిష్‌లో. ఒక వేసవిలో కాలేజీ చదివే ఆయన కొడుకు కూడా పనికి వచ్చాడు. ఒక కూలీ వచ్చి ఆ కుర్రాణ్ని ఏదో అడిగాడు. 'అగ్వా' అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది, నీళ్లని. కుర్రాడికి కూడా ఆ ఒక్కటే అర్థమైంది. బిక్కమొహం వేసి తండ్రి వైపు చూశాడు.

భోజనం దగ్గర పెద్దాయన్ని అడిగాను, పిల్లవాడికి స్పానిష్ ఎందుకు నేర్పలేదని. చాలాసేపు టేపు చుట్టుకుంటూ ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు. రెండో తరగతిలో పక్క పిల్లవాణ్ని స్పానిష్‌లో పెన్సిల్ అడిగాడట. టీచరు చెక్కతో కొట్టింది. అప్పటికి ఆయనకు ఇంగ్లిష్‌లో పెన్సిల్‌ను ఏమంటారో తెలియదు. "నా పిల్లలకు ఆ దెబ్బలు వద్దనుకున్నాను" అన్నాడు. నేను తలూపాను గానీ నాకు మాట రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను.

ఆ టీచరు ఒక్కతే చెడ్డది కాదు. 1918లో టెక్సస్‌లో ఒక చట్టం చేశారు. బడిలో పాఠం ఇంగ్లిష్‌లోనే చెప్పాలి, మరో భాషలో చెప్పిన టీచరు నేరస్థుడు. ఇక్కడున్న పెద్దవాళ్లకు ఆ సంవత్సరం వినగానే ఇంకోటి గుర్తుకొస్తుంది. సరిగ్గా 1918లోనే నిజాం ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించాడు. మా నాయన నాలుగో తరగతి దాకా ఉర్దూలోనే చదివాడు. ఇంటి భాష బడి గేటు దాటి లోపలికి రాకపోవడమంటే ఏమిటో మనవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

టెక్సస్ చట్టం టీచర్లను ఉద్దేశించింది. ఆచరణలో దెబ్బలు పిల్లలకు పడ్డాయి. తరగతిలోనే కాదు, ఆటస్థలంలో స్పానిష్ మాట వినబడినా శిక్షే. చాలా ఊళ్లలో లాటినో పిల్లలకు బడే వేరు. శాన్ ఆంటోనియో నుంచి దక్షిణంగా గంటన్నర పోతే కొటుల్లా అనే చిన్న ఊరు వస్తుంది. 1928లో ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు అక్కడ మెక్సికన్ పిల్లల బడిలో పంతులుగా చేరాడు. పిల్లలకు ఆటల సామాను కొనిపెట్టాడు, ఆకలితో వస్తున్నారని బాధపడ్డాడు, స్పానిష్ మాట్లాడితే కొట్టాడు కూడా. ఆయన జీవిత చరిత్రలో ఈ మూడూ ఉన్నాయి. ఆ కుర్రాడి పేరు లిండన్ జాన్సన్. 1965లో అమెరికా అధ్యక్షుడిగా ఓటుహక్కు చట్టం కోసం పార్లమెంటులో మాట్లాడుతూ ఆ కొటుల్లా పిల్లల్ని తలుచుకున్నాడు. 1968 జనవరి 2న ద్విభాషా విద్యా చట్టం మీద సంతకం పెట్టింది ఆయనే. బిల్లు తెచ్చింది టెక్సస్ సెనేటర్ రాల్ఫ్ యార్బరో. ఇంటి భాషలో చదువు మొదలుపెట్టి ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లే బడులకు కేంద్రం డబ్బివ్వడం ఆ చట్టంతో మొదలైంది.

సంతకం పెట్టినవాడి పేరు చరిత్రలో ఉంటుంది. పెట్టించినవాళ్లు మాత్రం తల్లిదండ్రులు, పిల్లలు. అదే ఏడాది మార్చిలో లాస్ ఏంజెలెస్ తూర్పు భాగంలో వేలమంది హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. సాల్ క్యాస్ట్రో అనే టీచరు వాళ్ల వెంట నిలబడ్డాడు, జైలుకు పోయాడు. మే 16న మా శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు సుమారు నాలుగు వందల మంది బయటికి నడిచారు. పగిలిన కిటికీలు, పాడుబడ్డ గదులు, అర్హత లేని టీచర్లు వాళ్ల ఫిర్యాదులు. డిమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, రేకుల పనివాడు, మరికొందరు తల్లిదండ్రులతో కలిసి దావా వేశాడు.

ఆ కేసులో అంకెలున్నాయి, ఇంజినీర్ని కాబట్టి చెప్పక మానను. ఎడ్జ్‌వుడ్ లాటినోల పేటల బడులు. అదే నగరంలో ఆలమో హైట్స్ ఉన్నవాళ్ల బడులు. 1967–68లో ఆలమో హైట్స్ వాళ్లు నూరు డాలర్ల ఆస్తికి 85 సెంట్లు బడి పన్ను కట్టారు. ఎడ్జ్‌వుడ్ వాళ్లు డాలరు 5 సెంట్లు కట్టారు. అన్ని పద్దులూ కలిపి ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు ఆలమో హైట్స్‌లో 594 డాలర్లు, ఎడ్జ్‌వుడ్‌లో 356. ఎక్కువ రేటున పన్ను కట్టినవాళ్లకు తక్కువ చదువు. కట్టే చేయి నిండుగా లేకపోతే రేటు ఎంత పెంచినా అంతే. 1973లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ తల్లిదండ్రులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. వాళ్లు వదల్లేదు. మళ్లీ రాష్ట్ర కోర్టుకు వెళ్లారు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఎడ్జ్‌వుడ్ పక్షాన చెప్పింది. బయటికి నడిచిన పిల్లలకు అప్పటికి వాళ్ల పిల్లలు బడికి పోయే వయసు.

ఇప్పుడు మొదటి పూర్వ విద్యార్థుల సంఘం.

శాన్ ఆంటోనియోకు నైరుతిగా రెండు గంటల దూరంలో క్రిస్టల్ సిటీ ఉంది. పేరు చూసి మోసపోకండి, పాలకూర పండించే చిన్న ఊరు. పాలకూర తిని కండలు పెంచే కార్టూను వీరుడు పొపాయ్‌కి అక్కడ విగ్రహం కట్టారు. ఊళ్లో నూటికి ఎనభై మందికి పైగా మెక్సికన్ మూలాలవాళ్లు. చాలామంది కోతల కాలంలో ఉత్తరాది రాష్ట్రాలకు కూలికి పోయేవాళ్లు, పాలమూరు నుంచి మనవాళ్లు బొంబాయి పోయినట్టు. పిల్లల చదువులో నెలలకు నెలలు అలా పోయేవి.

హైస్కూల్లో ఎక్కువ మంది వాళ్ల పిల్లలే. కానీ ఆటల పోటీల్లో ముందు నిలబడి ఉత్సాహపరిచే అమ్మాయిల జట్టులో నలుగురుంటే ముగ్గురు తెల్లవాళ్లే ఉండాలి, ఒక్కరే మెక్సికన్. ఎంపిక చేసేది టీచర్లు. చీర్‌లీడర్ల గొడవకు అంత పట్టింపు ఏమిటని మనకు అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మన బడిలో జెండా వందనం రోజున ముందు వరసలో ఎవరు నిలబడేవారో, ఎవరిని వెనక్కు పంపేవారో గుర్తు చేసుకున్నాక అర్థమైంది.

1969లో అక్కడి పూర్వ విద్యార్థుల సంఘం హోమ్‌కమింగ్ క్వీన్‌ను ఎన్నుకోవాలని తలపెట్టింది. హోమ్‌కమింగ్ అంటే పాత విద్యార్థులు బడికి తిరిగొచ్చే పండగ, ఇవాళ మనం చేసుకుంటున్నదే. సంఘం ఒక నియమం పెట్టింది. పోటీ చేసే అమ్మాయి తల్లిగానీ తండ్రిగానీ అదే హైస్కూలు పాసై ఉండాలి. ఆ నియమంలో జాతి లేదు, భాష లేదు, ఒంటి రంగు లేదు. చదివితే ఎవరికీ తప్పు కనబడదు. కూలికి పోయి బడి మానేసిన తరం పిల్లలు మాత్రం దాదాపు అందరూ అందులోంచి రాలిపోయారు.

పిల్లలు కోరికల పత్రం రాశారు. తమ ప్రతినిధుల్ని తామే ఎన్నుకుంటామన్నారు, స్పానిష్‌తో కూడిన ద్విభాషా బోధన కావాలన్నారు, తమ భాష తెలిసిన టీచర్లు కావాలన్నారు. స్కూలు బోర్డు వినలేదు. డిసెంబరులో బడి మానేశారు. తల్లిదండ్రులు వెంట నిలిచారు. పిల్లల్లో ముగ్గురు వాషింగ్టన్ వెళ్లి సెనేటర్లను కలిశారు. వాళ్లలో సెవెరీటా లారా అనే అమ్మాయి తర్వాతి కాలంలో ఆ ఊరి మేయరయింది. క్రిస్మస్ సెలవుల్లో బయటి ఊళ్ల టీచర్లు వచ్చి పాఠాలు వెనకబడకుండా చెప్పిపోయారు. ఆ భాగం నాకు అన్నిటికంటే నచ్చుతుంది. జనవరిలో బోర్డు దిగొచ్చింది. ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి. అదే ఊళ్లో పుట్టిన హోసే ఏంజెల్ గుటియెరెజ్, మరికొందరు కలిసి పెట్టిన రాజా ఉనిదా పార్టీ గెలిచి, ఆయన స్కూలు బోర్డు అధ్యక్షుడయ్యాడు. బడిలోకి స్పానిష్ గేటు తోసుకొని కాకుండా టైంటేబుల్లో కూర్చొని వచ్చింది.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. 1918 నాటి నిషేధాన్ని టెక్సస్ 1969లో ఎత్తేసింది. 1973లో ద్విభాషా విద్యను రాష్ట్ర చట్టంలో పెట్టింది. 1974లో శాన్ ఫ్రాన్సిస్కో చైనీస్ పిల్లల కేసులో, అర్థం కాని భాషలో అందరికీ ఒకే పాఠం చెప్పడం సమాన అవకాశం కాదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఇప్పుడు టెక్సస్‌లో ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, ఒకే తరగతి స్థాయిలో, ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని ఒకే భాషవాళ్లు ఇరవై మంది ఉంటే ప్రాథమిక బడిలో ఆ భాషలో బోధన పెట్టాలి. ఏ భాష అని చట్టంలో లేదు. తెలుగైనా సరే.

అందుకే పిల్లల్ని చేర్పించేటప్పుడు ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇస్తారు. ఇంట్లో ఏ భాష ఎక్కువగా మాట్లాడతారని అందులో అడుగుతారు. 2003లో మా అమ్మాయికి ఆ కాగితం వచ్చింది. మా ఇంట్లో అప్పుడు మా అమ్మ కూడా ఉంది, తెలుగు తప్ప ఇంకో మాట లేదు. నేను 'ఇంగ్లిష్' అని రాసి సంతకం పెట్టాను. తెలుగని రాస్తే పిల్లను వేరే గదిలో కూర్చోబెడతారని భయం. మా స్నేహితులు చాలామంది అలాగే రాశారు. ఆ ఒక్క ప్రశ్న కాగితం మీదికి రావడానికి క్రిస్టల్ సిటీ పిల్లలు ఎంత పోట్లాడారో నాకు అప్పుడు తెలియదు. తెలిసినా రాసేవాణ్నేమో. రాసినదాన్ని నిజం చేయడానికి ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోకి మారాం. ఇవాళ మా అమ్మాయి మా అమ్మతో వీడియోలో నవ్వుతుంది, చేయి ఊపుతుంది. మాట్లాడాలంటే మధ్యలో నేను కూర్చోవాలి.

ఇంగ్లిష్ వద్దని నేను చెప్పడం లేదు. చెప్పే అర్హత నాకు లేదు, ఆ భాష పెట్టిన అన్నమే తింటున్నాను. ఇప్పుడు మన బడీ ఇంగ్లిష్ మీడియమే. లాటినో తల్లిదండ్రులు కూడా ఇంగ్లిష్ వద్దనలేదు. ఇంటి భాష ఆనుకొని ఇంగ్లిష్ ఎక్కనివ్వమన్నారు. వాళ్లలోనూ దీనిపై అందరిదీ ఒక మాట కాదు. 1998లో కాలిఫోర్నియా ఓటర్లు ద్విభాషా బోధనను చాలావరకు ఆపేసే ప్రతిపాదనను గెలిపించారు. పద్దెనిమిదేళ్లు ఇంగ్లిష్‌తోనే నడిపి చూసి, 2016లో వాళ్లే పెద్ద మెజారిటీతో దాన్ని తీసేశారు.

రెండో సంఘం మార్ఫా అనే ఊళ్లోది. మా ఇంటినుంచి పడమటికి ఆరు గంటల ప్రయాణం, దారంతా ఎడారి. అక్కడ బ్లాక్‌వెల్ స్కూలని 1909లో పచ్చి ఇటుకలతో కట్టిన చిన్న బడి ఉంది. 1965లో మూతపడేదాకా మెక్సికన్ పిల్లల బడి. 1954లో అక్కడ టీచర్లు పిల్లలచేత చీటీలు రాయించి, ఒక పెట్టెలో వేయించి, జెండా స్తంభం దగ్గర గొయ్యి తీసి పాతిపెట్టించారు. 'మిస్టర్ స్పానిష్' అంత్యక్రియలని దానికి పేరు. పిల్లలచేతే వాళ్ల అమ్మ మాటకు మట్టి వేయించారు.

బడి మూతపడ్డాక గదులు శిథిలమయ్యాయి. కూల్చేస్తారని తెలిసి 2006లో పూర్వ విద్యార్థులు, అప్పటికే తాతలు, అమ్మమ్మలు, ఒక సంఘంగా ఏర్పడి దాన్ని కాపాడుకున్నారు. పాత ఫొటోలు, పుస్తకాలు తెచ్చి పెట్టారు. 2007లో అందరూ కలిసినప్పుడు, పాతిపెట్టిన స్పానిష్‌ను మట్టిలోంచి పైకి తీసే తంతు జరిపారు. 2024లో ఆ బడి జాతీయ చారిత్రక స్థలమైంది. మొన్న వసంతంలో వెళ్లి చూశాను. చిన్న కట్టడం. మన పాత పెంకుటింటి గదులంత కూడా లేదు.

అక్కడ నిలబడ్డప్పుడు, ఇరవై ఏడేళ్ల కింద ఆ పెద్దాయన ముందు నాకు మాట ఎందుకు రాలేదో, అది మళ్లీ వచ్చి ఎదుట నిలబడింది.

ఏడో తరగతిలో నేను క్లాస్ లీడర్ని. సార్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు నల్లబల్ల మీద రాయడం నా పని. మా తరగతిలో తండానుంచి నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చే లంబాడీ పిల్లలు ఆరుగురు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకతను వెనక బెంచీ వాణ్ని నెమ్మదిగా 'పాణి' అని అడిగాడు. ఎండాకాలం, నడిచొచ్చాడు, దాహం. నేను అతని పేరు రాసి పక్కన రెండు గీతలు పెట్టాను. ఒక గీత మాట్లాడినందుకు, రెండోది తండా మాట మాట్లాడినందుకు. రెండో గీత పెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు. దాన్ని నేనే కనిపెట్టాను. సార్ రెండు గీతలకూ లెక్కకట్టి కొట్టారు. తరగతంతా నవ్వింది. ఎనిమిదిలో అతను బడి మానేశాడు. ఇది ఒక్కటే కారణమని అనను, మాది కాని కారణాలు చాలా ఉండి ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో తర్వాత బంజారాతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు వచ్చాయి. అవి వచ్చేసరికి అతనికి ముప్పై దాటింది.

మొన్న తండాకు వెళ్లాను. అతను పుణెలో మేస్త్రీగా ఉన్నాడట. తమ్ముడు నంబరిచ్చాడు. ఫోన్‌లో నా పేరు చెప్పగానే "లీడరా?" అన్నాడు. బల్ల మీద గీతల సంగతి నేనే ఎత్తాను. గుర్తులేదన్నాడు. ఉందని నాకు తెలుస్తూనే ఉంది. స్వర్ణోత్సవానికి రమ్మన్నాను. "నేను పదోది పాస్ కాలే కదా, నన్నెట్ల పిలుస్తరు?" అన్నాడు.

అతను చెప్పింది నిజమే. మన నిబంధనావళి మూడో అంశం ప్రకారం ఈ బడిలో పదో తరగతి ఉత్తీర్ణులైనవారే సభ్యులు. ఎవరినీ దూరం పెట్టాలని రాసినది కాదని నాకు తెలుసు. నిన్న హెడ్మాస్టర్ గారు దయతో పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించారు. మా బ్యాచ్‌లో ఆరో తరగతిలో చేరినవాళ్లు నలభై మూడు మంది. సంఘం జాబితాలో మా బ్యాచ్ కింద ఉన్న పేర్లు పంతొమ్మిది. తండానుంచి వచ్చిన ఆరుగురిలో ఒక్కరూ లేరు. మధ్యలో పెళ్లి చేసి పంపిన ఆడపిల్లలు లేరు.

'ఉత్తీర్ణులైనవారు' అన్నచోట 'ఒక్కరోజైనా చదివినవారు' అని మార్చమని ప్రతిపాదన రాశాను. సర్వసభ్య సమావేశం రేపు ఉదయం పది గంటలకు. చర్చకు రావాలంటే పది సంతకాలు కావాలి, నాది ఒకటి ఉంది. కాగితం లెక్కల సార్ పక్కన బల్ల మీద పెట్టాను. పెన్ను కూడా అక్కడే ఉంది.